తాడు పట్టే చెయ్యి

పోయిన నెలలో బెంగళూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన ఆరు పేజీల ఉత్తరం! ఈ రోజుల్లో అలాంటిది వస్తే పక్కన పెట్టబుద్ధవుతుందా? పప్పు పొయ్యి మీద పెట్టి చదవడం మొదలెట్టాను. పూర్తయ్యేసరికి కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో నాకు తెలీదు.

పేరు రాయొద్దన్నారు కాబట్టి చెల్లెమ్మ అనే పిలుస్తాను. ఈ చెల్లెమ్మది హైదరాబాదు. వయసు 34. కాలేజీ రోజుల్లో భువనగిరి కొండ మీద తాడు కట్టుకుని రాళ్లెక్కడం నేర్చుకుందట. పెళ్లయింది, పాప పుట్టింది, ఆ సరదా కాస్తా అటకెక్కింది. ఎనిమిది నెలల కిందట వాళ్లాయనకి బెంగళూరు బదిలీ అయింది. ఆయన ఎనిమిదింటికి ఆఫీసుకి, పాప ఎనిమిదిన్నరకి స్కూలుకి. ఆ తర్వాత తనూ, నాలుగు గోడలూ. ఇంటికి దగ్గర్లోనే ఒక క్లైంబింగ్ జిమ్ ఉందని తెలిసి, ధైర్యం చేసి వెళ్లింది. అక్కడ ఒకబ్బాయి "మీ తాడు నేను పట్టుకుంటాను ఆంటీ" అన్నాడు. మర్యాదస్తుడే. సగం గోడ ఎక్కాక కాలు జారింది. బిగుతుగా ఉండాల్సిన తాడు వదులుగా ఉంది. నాలుగైదు అడుగులు కిందికి పడి ఆగింది. చూస్తే, ఆ అబ్బాయి ఒక చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు!

"దెబ్బేం తగల్లేదు. సారీ ఆంటీ అన్నాడు. ఫర్వాలేదు అని నవ్వేసి ఇంటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు నెలలైంది, మళ్లీ అటువైపు వెళ్లలేదు. మా ఆయనతో చెప్తే మానెయ్యమంటారని చెప్పలేదు. మానెయ్యనా, వెళ్లనా? వెళ్తే ఈ కొత్త ఊళ్లో ఎవర్ని నమ్మి తాడు కట్టుకోను?" అని అడిగింది.

ఆ "ఫర్వాలేదు" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెప్తాను.

"ఆడవాళ్లకి ఈ గోడలెక్కడాలేమిటి, వంటల పేజీకి పోదాం" అనుకుంటున్న వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ భువనగిరి కొండ మీదే. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడినప్పుడు ఆ పిల్లకి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ గోడలెక్కే ఆట మొదటిసారి చోటు సంపాదించుకుంది. 2024లో పారిస్‌లో పోలండ్ అమ్మాయి అలెక్సాండ్రా మిరోస్లా 15 మీటర్ల గోడని 6.10 సెకన్లలో ఎక్కేసి బంగారు పతకం తెచ్చుకుంది. మనం మేడ మీదకెళ్లి వడియాలు తిరగేసి రావడానికే ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోండి!

సరే, అసలు విషయానికొద్దాం. క్లైంబింగ్ జిమ్ అంటే బరువులెత్తే చోటు కాదు. అక్కడ ఎత్తయిన గోడలకి రంగురంగుల పిడులు బిగించి ఉంటాయి. సాధారణంగా ఒక్కో రంగు ఒక్కో దారి. కొన్ని నిచ్చెనంత తేలిక, కొన్ని చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది బౌల్డరింగ్. గోడ ఎత్తు నాలుగు, నాలుగున్నర మీటర్లకి మించదు. తాడుండదు, కింద మందపాటి పరుపులుంటాయి. దీనికి జత అక్కర్లేదు. కొత్త ఊళ్లో ఎవరూ తెలియని వాళ్లు ఇక్కడ మొదలుపెట్టడమే మంచిది. ఒకసారి ఎక్కి దిగాక చేతులకి విశ్రాంతి కావాలి కదా, అందరూ ఓ పక్కగా కూర్చుని "ఆ ఆకుపచ్చ పిడి ఎలా అందుకున్నారు?" అంటూ మాటల్లో పడతారు. కుళాయి దగ్గర బిందెల వరసలో స్నేహాలు కలిసినట్టే ఇక్కడా కలుస్తాయి. అయితే పరుపులున్నాయి కదా అని అలుసు పనికిరాదు. పడేటప్పుడు రెండు పాదాల మీదా పడి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి. చెయ్యి వెనక్కి ఆనించారో, మణికట్టు పోతుంది. ఎక్కేవాళ్ల కింద నుంచి నడవడం, పిల్లల్ని అక్కడ ఆడుకోనివ్వడం అసలు కూడదు.

రెండోది తాడుతో ఎక్కడం. చాలా జిమ్ముల్లో ఇది మన బావి గిలక పద్ధతే. తాడు ఒక కొస మీ నడుముకి కట్టిన హార్నెస్‌కి ఉంటుంది. పైన కట్టిన చోటు గుండా తిరిగి, రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలోకి వస్తుంది. చేద మీరన్నమాట! మీరు ఎక్కే కొద్దీ కింది మనిషి తాడు లాగుతూ ఉండాలి, జారితే ఆపాలి, చివర్లో మెల్లగా దింపాలి. ఈ పనినే బిలే అంటారు. చెల్లెమ్మకి కుదరనిది ఇదే. గోడలు ఊరూరా దొరుకుతాయి. తాడు పట్టే చెయ్యి దొరకాలి.

ఈ ఉత్తరానికి జవాబు రాయాలని, మా మేనకోడల్ని వెంటబెట్టుకుని నేనూ హైదరాబాద్‌లో ఓ జిమ్‌కి వెళ్లాను. నేనెక్కలేదు లెండి, బెంచీ మీద కూర్చుని గంటన్నర చూశాను. ఒక కాలేజీ పిల్లా, నలభై దాటిన ఒకావిడా జతగా ఎక్కుతున్నారు. ఎక్కే ప్రతిసారీ ఈవిడ ఆ పిల్ల ముడి పట్టి చూస్తుంది, ఆ పిల్ల ఈవిడ బకిల్ లాగి చూస్తుంది. గంటన్నరలో పదిసార్లు ఎక్కితే పదిసార్లూ చూసుకున్నారు. నాకు ముచ్చటేసింది. పెళ్లికి బయల్దేరేముందు "వెనక కుచ్చిళ్లు సరిగ్గా ఉన్నాయేమో చూడవే" అని మనం అడగమూ? అందులో చిన్నతనమేముంది? తాళం వేశాక లాగి చూడందే ఊరెళ్తామా?

"ఇన్నాళ్లుగా ఎక్కుతున్నారు కదా, ఇంకా ప్రతిసారీ ఎందుకూ?" అని అడిగాను. "అలవాటైపోయిన వాళ్లే మరిచిపోతారు పిన్నిగారూ" అంది ఆ పిల్ల. నిజమే. అమెరికాలో లిన్ హిల్ అని ఒకావిడ ఉంది. ప్రపంచంలోని గొప్ప క్లైంబర్లలో ఒకరు. 1989లో ఫ్రాన్స్‌లో ఒక తేలికైన దారి ఎక్కుతూ, హార్నెస్‌లోకి తాడు దూర్చి, ముడి వెయ్యడం పూర్తిచెయ్యకుండానే మాటల్లో పడి మరిచిపోయింది. పైకెళ్లి తాడు మీద బరువు వెయ్యగానే అది ఊడొచ్చింది. సుమారు పాతిక మీటర్ల ఎత్తు నుంచి పడి, చెట్టు కొమ్మలు అడ్డుపడటంతో బతికి బయటపడింది. ఆవిడ అక్కడితో ఆగిపోలేదు. 1993లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ అనే నిలువు కొండ మీద, అప్పటిదాకా మగవాళ్లెవరూ కేవలం చేతులూ కాళ్లతో ఎక్కలేకపోయిన దారిని మొదటగా ఎక్కింది. అంతటి మనిషికే రెండో కళ్ల జత అవసరమైందంటే, మనమెంత?

ఇక మంచి జిమ్‌ని ఎలా గుర్తుపట్టాలి? గోడ ఎత్తూ, ఏసీ, కాఫీ కొట్టూ చూసి మోసపోకండి. వెళ్లగానే మిమ్మల్ని పరీక్షిస్తారా లేదా అన్నది చూడండి. "నాకు తాడు పట్టడం వచ్చు" అని మీరు చెప్పినా, ముడి వేసి చూపించమని, తాడు పట్టి చూపించమని అడిగితే అది మంచి జిమ్. అడిగారని చిన్నబుచ్చుకోకండి, మిమ్మల్ని అడిగినవాళ్లు మీ తాడు పట్టేవాణ్నీ అడుగుతారు. ఏమీ అడక్కుండా డబ్బు తీసుకుని లోపలికి పంపిస్తే, చెప్పులు విప్పకుండానే వెనక్కి వచ్చెయ్యండి.

తర్వాత, పరుపుల మధ్య సందులున్నాయేమో చూడండి. అందులో కాలు పడితే మడమ మెలితిరుగుతుంది. పిడులు చేత్తో పట్టుకుంటే గిర్రున తిరుగుతున్నాయా? తాళ్లు ఎప్పుడు మార్చారని అడగండి. రాసిపెట్టుకునే వాళ్లయితే వెంటనే చెప్తారు. నేర్పేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో కూడా అడగండి. డార్జిలింగ్‌లో 1954 నుంచి, ఉత్తరకాశిలో 1965 నుంచి కొండలెక్కడం నేర్పే సంస్థలున్నాయి. అలాంటి చోట తర్ఫీదు పొందినవాళ్లు ఆ మాట సంతోషంగా చెప్తారు. ఆడవాళ్ల గదికి లోపలి గడియ ఉందా, బాత్‌రూమ్ శుభ్రంగా ఉందా అన్నవీ చూడాల్సినవే. ఏడాది చందా తగ్గిస్తామంటే తొందరపడొద్దు. రోజు టికెట్ మీద మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్లండి. సాయంత్రం కిటకిటలాడే చోటు పొద్దున పదకొండింటికి ఖాళీగా ఉండొచ్చు. మనకి కావలసింది ఆ వేళే!

కొన్ని చోట్ల మనిషికి బదులు తాడు పట్టే యంత్రం ఉంటుంది. ఆటో బిలే అంటారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి సదుపాయమే. కానీ దాని కొక్కెం తగిలించుకోవడం మరిచిపోయి ఎక్కేస్తే, చెప్పడానికి పక్కన మనిషుండడు. నేల మీద ఉండగానే ఒకసారి గట్టిగా లాగి చూసుకుని మరీ ఎక్కాలి.

జత ఎలా దొరుకుతుంది? కొత్తవాళ్లకి తాడు పట్టడం నేర్పే క్లాసులో చేరడం అన్నిటికంటే మంచి దారి. పాత విద్య వచ్చినా సరే, మళ్లీ చేరండి. మీతో పాటు నేర్చుకున్నవాళ్లకి మీలాగే జత కావాలి, పైగా ఇద్దరికీ ఒకటే పద్ధతి వస్తుంది. జిమ్ వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా వస్తారా?" అని గాల్లో అడక్కుండా, "మంగళ, గురువారాలు పదకొండింటికి వస్తాను, తాడు పట్టడం వచ్చు, తేలిక దారులే ఎక్కుతాను" అని వివరంగా రాయండి. బెంగళూరులో కంఠీరవ స్టేడియం గోడ ఎన్నో ఏళ్లుగా క్లైంబర్లు కలుసుకుంటూ వచ్చిన చోటు. వేళలు కనుక్కుని అక్కడికీ ఒకసారి వెళ్లి రావచ్చు.

జత దొరికాక మొదటి రోజు మీరు ఎక్కకండి, మీరే తాడు పట్టండి. అంతకంటే ముందు ఆ మనిషి ఇంకొకరికి తాడు పట్టేటప్పుడు పది నిమిషాలు గమనించండి. కళ్లు గోడ మీదున్నాయా, ఫోన్ మీదున్నాయా? కింది కొసని పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణమైనా తాడు వదులుతోందా? ఆ చెయ్యి వదిలేవాళ్లు ఎంత మంచివాళ్లయినా మనకొద్దు. ఎక్కేవాళ్లు బాగా బరువైతే, తాడు పట్టే తేలిక మనిషి గాల్లోకి లేస్తుంది. అప్పుడేం చెయ్యాలో, నేలకి ఎలా కట్టుకోవాలో జిమ్ వాళ్లని ముందే అడగండి.

ఇంకో మాట. పై నుంచి ఏ మాట అంటే ఏం చెయ్యాలో నేల మీదే ఖాయం చేసుకోవాలి. జత తెలుగు మనిషి దొరికిందని సంబరపడి, పైకెళ్లి "వదులు!" అని అరిచారనుకోండి. తాడు కాస్త వదులు చెయ్యమనా, పూర్తిగా వదిలెయ్యమనా? నవ్వులాట కాదు, ప్రాణం మీదకొస్తుంది. అందుకే అన్ని భాషల వాళ్లూ వాడే "టేక్", "స్లాక్", "లోయర్" అన్న మూడు మాటలే వాడండి. టేక్ అంటే బిగించు, స్లాక్ అంటే కొంచెం తాడియ్యి, లోయర్ అంటే దింపు.

గాజులూ, ఉంగరాలూ తీసేసి వెళ్లండి. పిడికి ఉంగరం ఇరుక్కుంటే వేలికే ముప్పు. మెడలో పొడుగు గొలుసులు వద్దు. జడని ముడి చుట్టుకోండి, తాడు జారే పరికరంలో జుట్టు చిక్కుకుంటే విడదియ్యడం కష్టం. చున్నీ ఇంట్లోనే ఉండాలి.

రెండు మూడు నెలలు కలిసి ఎక్కాక, బయటి రాళ్ల మీదకి వెళ్దామంటారు. బెంగళూరుకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 'షోలే' సినిమా తీసిన రామనగర ఉంది. అక్కడి రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం, ఇష్టమొచ్చినట్టు ఎక్కే చోటు కాదు. కాబట్టి ఎక్కడ ఎక్కనిస్తారో తెలిసిన అనుభవజ్ఞులతోనే వెళ్లాలి. జిమ్‌లో నమ్మకం కుదరని మనిషితో కొండ మీదకి అసలే వద్దు.

ఇప్పుడు ఆ "ఫర్వాలేదు" సంగతి. చెల్లెమ్మా, చనువు తీసుకుని నువ్వంటున్నాను. నిన్ను భయపెట్టింది గోడ కాదు, ఆ అబ్బాయి ఒక్కడే కూడా కాదు. ప్రాణం మీదకొచ్చినా ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని నవ్వేశావు చూడు, ఆ మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఓ సామెతలో చెప్పారు. ఇక్కడ రాస్తే బాగోదు గానీ మీ అందరికీ తెలుసు. పెరుగు పుల్లగా ఉన్నా, చీర రంగు వెలిసినా మొహమాటపడి ఊరుకుంటాం, పోయేదేమీ లేదు. తాడు దగ్గర మాత్రం పనికిరాదు.

అందుకే మానెయ్యొద్దు. జరిగింది జిమ్ వాళ్లకి చెప్పు. విని సర్దుకుంటే అక్కడికే వెళ్లు, తేలిగ్గా తీసిపారేస్తే ఇంకోటి చూసుకో. "ఫోన్ లోపల పెట్టు బాబూ, నా ప్రాణం నీ చేతిలో ఉంది" అని నవ్వుతూనే చెప్పడం నేర్చుకో. ఆ మాటకి నొచ్చుకునేవాడు నీ జత కాడు. సరే అని ఫోన్ లోపల పెట్టేవాడే జత.

మీ ఆయన దగ్గర కూడా దాచకు. ఒక ఆదివారం ఆయన్ని కూడా తీసుకెళ్లి, ముడి ఎలా చూడాలో, తాడు ఎలా పట్టాలో నేర్పించు. ఎవరు కనిపెట్టారు, నువ్వు వెతుకుతున్న జత ఇంట్లోనే ఉందేమో!

గోడ చివరిదాకా ఎక్కిన రోజున నాకు మళ్లీ ఉత్తరం రాయి. ఆరు పేజీలైనా సరే. ఈసారి పప్పు ముందే దించేసుకుంటాను.