క్లబ్బు నిలిస్తేనే సమ్మేళనం

సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనం అనగానే పెద్ద హోటలు, పేరున్న రచయితలు, వేలల్లో జనం మనసులో మెదులుతారు. ఆ రెండు మూడు రోజుల సందడి కోసం ఏడాదంతా పాటుపడే ఊరి క్లబ్బు మాత్రం వెనకబడిపోతుంది. సమ్మేళనం పెరిగితే క్లబ్బూ దానంతటదే బలపడుతుందని చాలామంది నమ్మకం. చరిత్ర అలా చెప్పడం లేదు. సమ్మేళనం ఎంతవరకు పెరగాలో తేల్చే అధికారం దాన్ని కన్న క్లబ్బుకే ఉండాలని మేం గట్టిగా నమ్ముతున్నాం.

మొదట పుట్టింది క్లబ్బే. 1934లో హ్యూగో గెర్న్స్‌బాక్ తన వండర్ స్టోరీస్ పత్రిక ద్వారా సైన్స్ ఫిక్షన్ లీగ్‌ను మొదలుపెట్టి, ఊరూరా శాఖలు పెట్టుకొమ్మని పాఠకులను కోరాడు. ఆ ఏడే ఏర్పడిన లాస్ ఏంజలెస్ శాఖ, లీగ్ కనుమరుగైనా వారం వారం సమావేశాలు సాగిస్తూ వచ్చింది. ఇంగ్లండులో లీడ్స్ శాఖ 1937 జనవరి 3న ఇతర ఊళ్ల అభిమానులను థియోసాఫికల్ హాలుకు ఆహ్వానించింది. వచ్చింది పట్టుమని ఇరవై మంది. వారిలో 19 ఏళ్ల ఆర్థర్ సి. క్లార్క్ ఒకడు. ప్రపంచంలో తొలి సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం అదేనని చాలామంది చరిత్రకారుల లెక్క.

క్లబ్బుకూ సమ్మేళనానికీ ఉన్న బంధం ఎంత గట్టిదో, ఎంత సున్నితమో బోస్టన్ అనుభవం చూపుతుంది. అక్కడి స్ట్రేంజర్ క్లబ్ 1941లో ప్రారంభించిన బోస్కోన్ సమ్మేళనం, క్లబ్బు చెదిరిపోవడంతో 1945 తర్వాత ఆగిపోయింది. కొత్త తరం అభిమానులు మళ్లీ కూడి 1965లో దాన్ని బతికించారు. 1967లో ఏర్పడిన నెస్ఫా సంఘం తర్వాత దాని బాధ్యత తీసుకుంది. 1987 నాటికి హాజరు నాలుగు వేలు దాటింది. రాత్రి విందుల కోసమే వచ్చేవారు పెరిగారు, హోటలుతో తగవులొచ్చాయి, చివరికి బోస్టన్‌లో చోటే లేకుండా పోయింది. మరుసటి ఏడు సమ్మేళనం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలింది. నెస్ఫా కావాలనే జనాన్ని తగ్గించి, బోస్కోన్‌ను పుస్తకాలు, చిత్రకళల వైపు మళ్లించింది. ఆ నిర్ణయం వల్లే బోస్కోన్ నిలిచిందని మా అభిప్రాయం.

తగ్గించడమంటే కొత్తవారికి తలుపు మూయడమేనన్న ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సమ్మేళనం గుమ్మంలోనే నిర్వాహకులు ప్రత్యర్థి బృందమైన ఫ్యూచరియన్లలో కొందరిని ఆపేశారు. క్లబ్బు చేతిలోని అధికారం ముఠా తగాదాలకు ఆయుధం కాగలదనడానికి ఇదే రుజువు. అయితే మనుషులను ఏరివేయడం వేరు, మోయగలిగినంతే తలకెత్తుకోవడం వేరు. బోస్కోన్ కుదించుకున్నాక, అన్ని రకాల అభిమానులకూ చోటుండాలనుకున్నవారు 1990 నుంచి అదే ప్రాంతంలో అరిషియా పేరుతో మరో సమ్మేళనం జరుపుతున్నారు. ఒక క్లబ్బు తన హద్దు గీసుకోవడం ఇతరుల ఎదుగుదలకు అడ్డు కాలేదు.

ఇంటర్నెట్ వచ్చాక ఊరి క్లబ్బుతో పనేముందన్నది రెండో ప్రశ్న. పరిచయాలకూ చర్చలకూ తెర చాలవచ్చు. కానీ సమ్మేళనానికి డబ్బు లెక్క చూసేవారు, నమోదు బల్ల దగ్గర కూర్చునేవారు, పొరపాటు జరిగితే జవాబు చెప్పేవారు కావాలి. అంత నమ్మకం ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తేనే కుదురుతుంది. ఆ పొందికతోనే నెస్ఫా సొంత ప్రచురణ సంస్థ నడుపుతూ, కార్డ్‌వైనర్ స్మిత్, సి. ఎం. కార్న్‌బ్లూత్ వంటి వారి కథలను సంపుటాలుగా పాఠకులకు అందించింది. ఈ పని ఏ వారాంతపు సందడి వల్లా కాదు.

కాబట్టి సమ్మేళనం విజయాన్ని అమ్ముడైన టికెట్లతో కొలవడం మానాలి. అది ముగిశాక క్లబ్బు సమావేశానికి కొత్తగా ఎందరు వచ్చారు, వారిలో ఎందరు బాధ్యత తీసుకున్నారు అని అడగాలి. ఆ సంఖ్య పెరుగుతుంటే సమ్మేళనాన్ని నిశ్చింతగా పెంచవచ్చు. తరుగుతుంటే ఒక ఏడు ఆపైనా సరే, ముందు క్లబ్బును నిలబెట్టుకోవాలి.