హెడ్‌లైట్‌కి చెమట పట్టింది!

జనవరి నెల, తెల్లవారుజామున నాలుగున్నర. అద్దంకి దాటి మేదరమెట్ల వైపు వస్తున్నాం, నేనూ నాన్నా. మా మిర్చి టిక్కీలు రాత్రే మినీ లారీలో గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి. తెల్లారేసరికి మేం కూడా అక్కడ ఉండాలి. బయట పొగమంచు. రెండు హెడ్‌లైట్లూ వెలుగుతున్నాయి గానీ ఎడమ వైపు రోడ్డు మీద మాత్రం వెలుతురు పడట్లేదు.

"ఒరేయ్, ఆపరా!" అని నాన్న అరిచేదాకా ముందున్న పత్తి ట్రాలీ నాకు కనపడలేదు. దానికి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కరూ లేదు. బ్రేక్ గట్టిగా తొక్కితే కారు ట్రాలీకి మూడడుగుల దూరంలో ఆగింది.

ట్రాలీ వాడిది తప్పే, కాదనను. కానీ మన దేశంలో డిప్ కొట్టినప్పుడు రోడ్డు అంచు చూపించాల్సిన వెలుతురు ఎడమ వైపే పడాలి. నా ఎడమ లైటు లోపల నెల రోజులుగా నీళ్లున్నాయని నాకు తెలుసు. "తర్వాత చూద్దాంలే" బ్యాచ్ మనం.

కథ దీపావళికి మొదలైంది. ముచ్చటపడి హాలోజన్ బల్బులు తీయించి ఎల్‌ఈడీ వేయించా. ఆ బల్బు వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఎడమ వైపు అది రబ్బరు మూతలో పట్టలేదు. షాపు కుర్రాడు బ్లేడుతో మూతని చుట్టూ కోసేసి "సెట్ అన్నా" అన్నాడు. నేనూ తలూపా. డిసెంబర్‌లో ఒక వాన, తర్వాత రెండు వాటర్ వాష్‌లు... అంతే, అద్దం లోపల చెమట.

ఇంట్లో హెయిర్ డ్రైయర్ పట్టుకుని గంటన్నర కూర్చున్నా. అద్దంలా మెరిసింది. స్టేటస్ కూడా పెట్టా! మూడో రోజు మళ్లీ అదే. ఈసారి కోపమొచ్చి సిలికాన్ ట్యూబ్ తెచ్చి కనపడిన ప్రతి సందూ పూడ్చేశా, కోసిన మూత చుట్టూతా, వెనక ఉన్న చిన్న గొట్టాలతో సహా. వారం తిరక్కుండా అడుగున నీళ్లు నిలబడ్డాయి.

మార్టూరు దగ్గర టీకి ఆగినప్పుడు నాన్న ఫోన్ టార్చ్ వేసి లైటు చూశాడు. నా సిలికాన్ పనితనం చూసి నవ్వాడు. "ఏందిరా ఇది? కల్లంలో కాయల్ని వేడి మీదే పట్టా కప్పి బిగించి కట్టినట్టుంది. పొద్దున తీస్తే పట్టా కింద చెమ్మ కారుద్ది గదా, ఇదీ అట్టాగే" అన్నాడు. పత్తిలో తేమ 8 శాతం దాటితే సీసీఐ కేంద్రంలో ధర కోస్తారు, 12 దాటితే అసలు కొనరు. చెమ్మ సంగతి మా నాన్నకి ఒకరు నేర్పాలా!

గుంటూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఆ డబ్బా విప్పి చూపించాడు. హెడ్‌లైట్ గాలి చొరబడని డబ్బా కాదట. లైటు వేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోతుంది, ఆర్పితే చల్లబడి బయటి గాలిని పీల్చుకుంటుంది. అందుకే వెనక చిన్న గొట్టాలు పెడతారు, కొన్ని కార్లలో పల్చటి పొర ఉంటుంది. మూత కోసేయడంతో నీళ్లు లోపలికొచ్చాయి. ఆ తర్వాత గొట్టాలు పూడ్చి ఆ తేమ బయటికి పోయే దారి నేనే మూసేశా. నా సిలికాన్ పీకితే గొట్టంలో దుమ్ము, దూది పీచు కూడా ఉండలా బయటికొచ్చింది. జిన్నింగ్ మిల్లుల రోడ్లో రోజూ తిరిగే బండి మరి.

ఇంకో ముక్క చెప్పాడు. హాలోజన్ డిప్ బల్బు 55 వాట్లు, అందులో ఎక్కువ భాగం వేడే. ఆ వేడికే అద్దం ఆరుతుంది. ఎల్‌ఈడీ ముందుకు అంత వేడి ఇవ్వదు. పైగా హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పెడితే ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది.

మీ బండికీ ఇదే ఉంటే కంగారు పడకండి. వాన తర్వాతో, చలి పొద్దునో పల్చగా ఆవిరి పట్టి, లైటు వేశాక కాసేపటికి పోతే అది మామూలే. బిందువులు జారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా నీరు ఎక్కడి నుంచో వస్తోందని లెక్క. ముందు వెనక మూత చూడండి, ఎక్కువగా దొంగ అక్కడే దొరుకుతాడు. తర్వాత గొట్టాలు, ఆ తర్వాత అద్దం అంచున పగుళ్లు. దారి కనిపెట్టకుండా ఎంత ఆరబెట్టినా వృథా. షూ డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కూడా నాలుగు రోజుల ముచ్చటే.

ఆరబెట్టాలంటే మూత తీసి ఎండలో ఒక పూట వదిలేయండి, మన ఎండలకి అది చాలు. డ్రైయర్ వాడితే తక్కువ వేడి మీద, దూరం నుంచి. లోపల గుడ్డ పెట్టి తుడవద్దు, రిఫ్లెక్టర్ మెరుపు ఊడిపోతుంది. హాలోజన్ బల్బు గాజుని వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినచోట ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది. యూట్యూబ్‌లో కొందరు డబ్బాకి కింద రంధ్రం వేయమంటారు. వేశారో, వాష్‌లో ప్రెషర్ నీళ్లు నేరుగా లోపలికే.

నాకు కొత్త రబ్బరు మూత, పాత హాలోజన్ బల్బు, శుభ్రం చేసిన గొట్టాలు. ఖర్చు రెండు బిర్యానీలు దాటలేదు. బిగించాక పెద్దాయన పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, ఆరాక మళ్లీ చూశాడు. చుక్క లేదు. ఆ రోజు మిర్చి రేటు మాత్రం అడక్కండి.

ఇప్పుడు చలి పొద్దుల్లో బయల్దేరితే ఎడమ అద్దం మీద కాస్త ఆవిరి పడుతుంది. మేదరమెట్ల చేరేసరికి పోతుంది. నాన్న మాత్రం ఇంకా బండెక్కే ముందు టార్చ్ వేసి చూస్తూనే ఉన్నాడు.