మేట రైతుది, వాగు ఊరిది



2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగినప్పుడు పొట్టకొచ్చే మా రెండెకరాల వరి ఒక్క రాత్రిలో మాయమైంది. నీళ్లు తీశాక చూస్తే మోకాలి లోతు ఇసుక, దాని కింద కోడిగుడ్డంత గులకరాళ్లు. గెట్టు ఎక్కడుందో పారతో తవ్వి వెతుక్కున్నాం. ఈ ఇసుక మేట తీయించడానికి జేసీబీ మాట్లాడుకుంటే, పర్మిషన్ లేకుండా తోలితే కేసవుతుందన్నారు. ఆ పర్మిషన్ ఎవరివ్వాలంటే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. ఈలోగా యాసంగి నాట్ల అదను దాటిపోయింది.

వరద తర్వాత పొలంలో పడ్డ ఇసుక మేటను రైతు తీసుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి నోటిఫికేషన్‌లోనే మినహాయింపు ఇచ్చింది. చట్టం ప్రత్యేకంగా తీసేసుకుంటే తప్ప భూమిలోని ఖనిజం భూయజమానిదేనని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సొంత చేనులో రైతు దొంగలా నిలబడాల్సి వస్తోంది.

అలాగని ఈ హక్కును వాగులోకి లాగే తోటి రైతుల మాట నేను ఒప్పుకోను. ‘నా చేను ఒడ్డునే ఉంది, ఎదురుగా ఉన్న ఇసుక నాదే’ అని ట్రిప్పుల లెక్కన అమ్ముతున్నారు. పట్టా ఒడ్డు దగ్గరే ఆగుతుంది. వాగులు సర్కారువని నిజాం కాలపు 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం నాటి నుంచే ఉంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద వచ్చిన నిబంధనలు చిన్న వాగుల ఇసుకను చుట్టుపక్కల ఊళ్ల అవసరాలకే పరిమితం చేశాయి. వంతెనల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు తవ్వొద్దన్నాయి.

ఈ కట్టుబాటు మన మేలుకే. చిన్నప్పుడు ఎండాకాలంలో వాగులో మూరెడు చెలిమ తోడితే తేటనీళ్లు ఊరేవి. ఆ నీటిని పట్టి ఉంచింది ఇసుకే. దాన్ని ఎత్తేస్తే వాగు అడుగు దిగుతుంది, పక్క బావుల్లో నీళ్లూ అంత లోతుకు దిగుతాయి. ఒడ్డు కింది భాగం కోసుకుపోయి చేనే కూలుతుంది. మాకు ఎగువన తవ్విన చోట ఒడ్డు మీది తుమ్మచెట్టు వేళ్లు సగం బయటపడి వేలాడుతున్నాయి. అది పడితే దాని వెనకున్న మడి వాగు పాలే. ఇసుక అమ్మిన డబ్బుతో పోయిన ఒక్క గుంటనైనా తిరిగి తెచ్చుకోగలమా?

అధికారులకు నా విన్నపం ఒక్కటే. వరద తగ్గిన పదిహేను రోజుల్లో చేను దగ్గరే పంచనామా చేయండి. సర్వే నంబరు, మేట లోతు, ఎన్ని ట్రిప్పులు, ఎప్పటిలోగా తీయాలి, ఎక్కడ పోయాలి, అమ్మితే ఎంత కట్టాలి అన్నీ ఒకే కాగితంలో రాసి రైతు చేతిలో పెట్టండి. అదే రోజు వాగు వైపు హద్దు రాళ్లు పాతండి. అప్పుడు రాయికి ఇవతల ట్రాక్టరును ఎవరూ ఆపరు, అవతల దింపితే ఊరే ఆపుతుంది. మళ్లీ వానలు పడకముందే ఈ పని మొదలుపెట్టాలి.

– ఒక రైతు, ఆకేరు ఒడ్డు,
మహబూబాబాద్ జిల్లా