వరద నెలలకు హాస్టల్ గది కావాలి



కాకినాడలో కొత్తగా కడుతున్న విద్యార్థి హాస్టళ్ల ప్రకటనల నిండా ఏసీ గదులు, వైఫై, జిమ్‌లే. మా ముక్తేశ్వరం, అయినవిల్లి వైపు పిల్లలు అడుగుతున్నది మాత్రం వాటిలో ఎక్కడా లేదు. గోదావరి ఎర్రబడే మూడు నెలలకు, నెల లెక్కన ఇచ్చే గది కావాలంటున్నారు వాళ్లు.

మా రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి కోటిపల్లిలో దిగితే కాకినాడ సుమారు 45 కిలోమీటర్లు. ఇంట్లో ఇంత తిని రోజూ వెళ్లి వచ్చే పిల్లలకు ఏడాది పొడుగునా హాస్టల్ దండగే. కానీ జూలై నుంచి సెప్టెంబరు దాకా పంటు ఏ రోజు తిరుగుతుందో, ఏ రోజు ఆగుతుందో చెప్పలేం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత రాకపోయినా పంటు కట్టేస్తారు. అప్పుడిక ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం మీదుగా చుట్టు తిరగాలి. పొద్దుటి ల్యాబ్ అందదు, 75 శాతం హాజరు నిలవదు. ఆడపిల్ల ఇల్లు చేరేసరికి చీకటి పడితే, ఆ కాలేజీయే వద్దనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కష్టపడి తెచ్చుకున్న సీటు అలా పోతే ఎంత బాధ!

కాలేజీ హాస్టల్లో చేరాలంటే ఏడాది ఫీజు కట్టమంటారు. బయట హాస్టళ్లలో అడ్వాన్సు తీసుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు అది ఎంత తిరిగొస్తుందో కాగితం మీద ఉండదు. నెలకు 20 వేలు మించని అద్దెతో కనీసం 90 రోజులు వరుసగా ఉంటే జీఎస్టీ అక్కర్లేదని 2024 జూన్‌లో కౌన్సిల్ నిర్ణయించింది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు కలిపితే 92 రోజులు. కాబట్టి పన్ను పేరు చెప్పి ఎవరూ కాదనక్కర్లేదు.

ఆ గదిలో హంగులేమీ వద్దు. ఒక బల్ల, దాని మీద సరిపడా వెలుతురు, లోపల గడియ పడే తలుపు, ఆగని నీళ్లు, ముసురు రోజుల్లో బట్టలారే చోటు, గేటు ఎన్నింటికి మూస్తారో ముందే చెప్పే వార్డెను ఉంటే చాలు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మా ఇళ్లు ఒక జిల్లాలో, పిల్లల చదువు ఇంకో జిల్లాలో పడ్డాయి. ఇద్దరు కలెక్టర్లూ కూర్చుని మాట్లాడితే తప్ప ఈ సంగతి తేలదు. జేఎన్‌టీయూ, కాకినాడలోని ప్రభుత్వ కాలేజీలు తమ హాస్టళ్లలో కొన్ని మంచాలు రోజూ వచ్చిపోయే విద్యార్థులకు అట్టేపెట్టాలి. ప్రైవేటు హాస్టళ్లు అద్దె, అడ్వాన్సు షరతులు గేటు దగ్గర బోర్డు మీద రాసేలా నగరపాలక సంస్థ చూడాలి. వచ్చే విద్యాసంవత్సరపు ఫీజుల పట్టికలోనే ఈ మూడు నెలల రేటు కూడా చేర్చాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ముక్తేశ్వరం