గోడమీది టీవీ – పిట్టగోడ



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలలో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినపుడు, గోడకు తగిలించిన టీవీ క్రింద తీగెలు పిల్లల చేతికందునట్లు వ్రేలాడుట చూచుచున్నాము. 230 వోల్టుల కరెంటు ప్రాణము తీయగలదు.

టీవీ వెనుకనే ఎర్తు గల ప్లగ్గు పాయింటు పెట్టించండి. అతుకులు వేసిన తీగెను గోడలో పూడ్చకండి. రంధ్రము వేయుటకు ముందు, లోపలి తీగె ఎటు పోయినదో ఎలక్ట్రీషియనును అడగండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించినచో, కరెంటు లీకైన వెంటనే సరఫరా తెగిపోవును. ఉరుముల మబ్బు పట్టగానే ప్లగ్గును, డిష్ తీగెను ఊడదీయండి.

ఎవరును పడకుండునట్లు ఇంటికప్పుకు పిట్టగోడ కట్టించుమని ద్వితీయోపదేశకాండము 22:8 బోధించుచున్నది. భద్రమైన వైరింగు నేటి పిట్టగోడ. ఆ తీగెను ముట్టుకొనునది మన బిడ్డయో, పొరుగింటి బిడ్డయో కావచ్చును. ఈ నెలలోనే సరిచేయించుకొందము.