చరిత్ర ఆటలో అరటిపండేనా?

ఆటకు చరిత్ర గుదిబండ అనే మాట తరచుగా చెవిని పడుతున్నది. కంప్యూటరు ఆటల విషయంలో, ముఖ్యంగా ప్రాచీన గ్రీకు యుద్ధాలను ఇతివృత్తంగా గ్రహించిన ఆటల విషయంలో, ఇది దాదాపు సిద్ధాంతమై కూర్చున్నది. చరిత్రను పాటిస్తే ఆట రక్తి కట్టదట. రక్తి కట్టాలంటే చరిత్రను కొంత బలిపెట్టక తప్పదట. ఈ సిద్ధాంతం అసత్యమనీ, నిర్మాతల బద్ధకానికి కట్టిన పట్టుబట్ట అనీ నా వాదన.

బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల ఊళ్ళో తెలుగు చెప్పి విశ్రాంతుడైన పంతులుకు గ్రీకు ఆటలతో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. మనుమలు ఆడుతుంటే ప్రక్కన కూర్చుని చూడడం, సందేహం కలిగిన చోట పుస్తకాలు తిరగవేయడం నాకు అలవాటైంది. నా సణుగుడు వినలేక ఒక పూర్వవిద్యార్థి, "గది ఆట సారూ, పరీక్ష గాదు" అన్నాడు. నిజమే, పరీక్ష కాదు. పరీక్షకు చదివినది హాలు దాటగానే మరుస్తారు. నెలల తరబడి ఆడినది మరువరు. నా బెంగ అందుకే.

ముందుగా ప్రతిపక్షానికి ఇవ్వవలసినది ఇచ్చివేస్తాను. ఆట యుద్ధానికి నకలు కానక్కరలేదు. మన చదరంగమే సాక్షి. భారతం లెక్క ప్రకారం ఒక అక్షౌహిణిలో 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. చదరంగపు బల్లపై ఆ నిష్పత్తి లేదు. వాన లేదు, ఆకలి లేదు, గాయపడినవాడి మూలుగు లేదు. అయినా చదరంగం అబద్ధమని ఎవరూ అనరు. రాజు చిక్కితే ఎంత సేన మిగిలినా యుద్ధం ముగిసినట్లే అన్న పాతకాలపు రణసత్యాన్ని అది తన నియమంలోనే నిలుపుకొన్నది. వేషం ఎంత మారినా నియమం నిజం పలికితే చాలు. ఆటల నిర్మాతలను నేను అడిగేది ఇంతమాత్రమే.

ఇప్పుడు వారి పనితనం చూడండి. 1997లో వెలువడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో హోప్లైట్ అనే గ్రీకు భటుడు ఉంటాడు. కొంత సొమ్ము వెచ్చిస్తే అతడు ఫాలాంక్స్ అవుతాడు. ఇంకొంత వెచ్చిస్తే సెంచూరియన్ అవుతాడు. ఫాలాంక్స్ మనిషి పేరు కాదు, వ్యూహం పేరు. పద్మవ్యూహం అనే పేరుగల సిపాయిని మనం ఊహించగలమా? ఇక సెంచూరియన్ గ్రీకువాడే కాడు, రోమను సేనలోని అధికారి. భటుడు ముదిరి వ్యూహమై, వ్యూహం ముదిరి పరదేశపు అధికారి అయినాడన్నమాట!

పేర్ల తప్పును క్షమిస్తాను. క్షమించరానిది మరొకటి ఉన్నది. హోప్లైట్ ఎడమచేతి డాలు అతన్ని సగమే కాచి, మిగిలిన సగంతో ఎడమప్రక్క నిలిచినవాణ్ణి కాస్తుంది. తన కుడివైపు రక్షణ కుడిప్రక్కవాడి డాలులో ఉంటుంది. అందుచేత ప్రతివాడూ ప్రక్కవాడి డాలు చాటుకు జరుగుతూ పోగా, సేన మొత్తం కుడికి ఒరుగుతుందని క్రీ.పూ. 418 నాటి మాంటినియా యుద్ధాన్ని వర్ణిస్తూ థుసిడిడీస్ వ్రాశాడు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా వద్ద థీబ్స్ సేనాని ఎపమినోండాస్ తన ఎడమ పార్శ్వాన్ని యాభై వరుసల లోతున నిలిపి, ఎదురుగా ఉన్న స్పార్టా వారి కుడి పార్శ్వాన్ని విరగగొట్టాడు. చూడండి, భయం వల్ల ఒరిగే సేన, ఆ ఒరుగుబాటును అదుపు చేయవలసిన నాయకుడు, బలమంతా ఒకచోట పోగు చేసే తెగువ. ఇంతకన్న చక్కని ఆట నియమం ఏ నిర్మాత కల్పించగలడు? చరిత్ర పళ్ళెంలో పెట్టి ఇస్తే త్రోసివేసి, రక్తి కోసం వెదుకుతున్నామంటారు.

2018లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ మరీ విచిత్రం. గుడులు, విగ్రహాలు, సముద్రతీరాలు కన్నులపండువుగా తీర్చారు. కథానాయకుడు స్పార్టా రక్తం పంచుకొన్నవాడు. కాని అతని చేతికి డాలు లేదు! శిరస్త్రాణం పారవేసినవాణ్ణి వదలి, డాలు పారవేసినవాణ్ణే ఎందుకు అవమానిస్తారని అడిగితే, శిరస్త్రాణం ఎవరికి వారికే, డాలు వరుస మొత్తానికి అని ఒక స్పార్టా రాజు బదులిచ్చినట్లు ప్లూటార్క్ చెప్పాడు. ఆ ఒక్క డాలు తీసివేయడంతో గ్రీకు యుద్ధంలోని ధర్మమే పోయింది. మిగిలినది ఒంటరి వీరుడి కత్తిసాము. దానికి గ్రీసు దేశం దేనికి?

2004 నాటి రోమ్ టోటల్ వార్‌లో తప్పూ ఒప్పూ రెండూ ఉన్నాయి. క్రీ.పూ. 270లో మొదలయ్యే ఆ ఆటలో ఈజిప్టును ఏలుతున్నది మాసిడోనియా సంతతి వారైన టాలమీలు. వారి సేనకు బలం పొడవాటి ఈటెల వ్యూహం. ఆటలో మాత్రం అంతకు వెయ్యేళ్ళనాటి ఫారోల వేషాలు, రథాలు కనిపిస్తాయి. దీనికి విసిగిన ఆటగాళ్ళే కొందరు యూరోపా బార్బరోరమ్ అనే సవరణను స్వయంగా తయారుచేసి సేనలన్నిటినీ దిద్దారు. చరిత్ర గుదిబండే అయితే, కూలి లేకుండా ఆ బండను మోసినవారు ఎందుకు మోసినట్లు? అదే ఆటలో ఏనుగు బెదిరితే స్వపర భేదం లేక తొక్కుతుంది, ఇక లాభం లేదనుకొంటే దాన్ని చంపివేయమని ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఇది చరిత్రే. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసే ఘట్టమూ అదే.

ఆ ఏనుగు మనది కూడా. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి ఏనుగులు ఇరుకులో చిక్కి శత్రువులతోపాటు స్వజనాన్నీ తొక్కాయని ఏరియన్ వ్రాశాడు. ఆంధ్రులకు ప్రాకారాలుగల ముప్పయి నగరాలు, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వేయి ఏనుగులు ఉన్నాయని ప్లినీ పేర్కొన్నాడు. గ్రీకు రాయబారి మెగస్తనీసు వ్రాతలే దానికి మూలమని పండితుల అభిప్రాయం. ఆ లెక్కలో రథం ఊసే లేదు. మాకు గోదావరి ఆవల, పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట మట్టికోట ఆ ముప్పయి నగరాలలో ఒకటి కావచ్చునని చరిత్రకారులు కొందరు భావిస్తారు. మా పిల్లలకు స్పార్టా వీధులు తెలుసు, ధూళికట్ట తెలియదు. రేపు ఎవరో మన ముప్పయి నగరాల మీద ఆట తయారుచేసి, ఆంధ్ర సేనను బంగారు రథాలతో నింపి, "ఆటే కదా" అంటే మనం ఏమని బదులు చెబుతాం?

సాఫ్ట్‌వేరు విద్య నేర్చిన తెలుగు యువకులు ఎందరో దీన్ని చదువుతారు. వారికి నా విన్నపం ఒకటే. ఆ ఆటను మీరే తయారుచేయండి. కిరీటాల రంగు తప్పినా ఫరవాలేదు. వేయి ఏనుగులకు మేత, నీరు సమకూర్చే భారం ఆటగాడి నెత్తిన పెట్టండి. గుర్రాలు రెండువేలే ఉన్నప్పుడు వాటిని ఎక్కడ వాడాలో వాడినే తేల్చుకోనివ్వండి. మావటి కూలితే ఏనుగు ఎవరి మాటా విననట్లు చేయండి. అప్పుడు ఎవరికైనా విసుగు పుడితే ఆ నింద నేను మోస్తాను.