మాదిరి పరీక్షలు - లెక్కల పోటీలు

రెండేండ్లుగా మా ఉన్నత తరగతుల బాలబాలికలు కొందఱు గణిత ఒలింపియాడు పోటీకి కూర్చుండుచున్నారు. వారి తలిదండ్రులు మమ్ము కలిసికొనినపుడెల్ల అడుగు ప్రశ్న యొక్కటియే: "మాష్టారూ, మావానికి ఎన్ని మాదిరి పరీక్షలు పెట్టినారు?" ఏ లెక్కతో ఎన్నాళ్లు పెనగులాడినాడని యడిగినవారు ఇంతవఱకు మాకు తారసపడలేదు. అందువలననే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాదిరి పరీక్షలు వలదని మా వాదము కాదు. పోటీ మొదటి మెట్టున మూడు గంటలలో 30 ప్రశ్నలు ముగింపవలెను. ప్రతి ప్రశ్నకును సమాధానము 00 మొదలు 99 వఱకు గల యొక సంఖ్య మాత్రమే. గడియారము నెదుట నిబ్బరముగా కూర్చుండుట, సులభమైన వానిని ముందుగా ఏరుకొనుట, సమాధానపు కాగితమును తప్పు లేక నింపుట - ఇవి అభ్యాసము లేక అలవడవు. మూడు నాలుగు పరీక్షలతో అలవడును. తరువాతి మెట్టున నన్ననో, అదే మూడు గంటలకు ఆఱు లెక్కలే. ప్రతిదానికిని రుజువు పూర్తిగా వ్రాసి చూపవలెను. 1959లో రుమేనియాలో ఆరంభమై, 1989 మొదలు మన దేశమువారును పాల్గొనుచున్న అంతర్జాతీయ పోటీలో దినమునకు నాలుగున్నర గంటలు, మూడు లెక్కలు. అట్లు రెండు దినములు. లెక్క కొక గంటన్నర యన్నమాట! వారమున కొక పరీక్ష చొప్పున వేగమునే అభ్యసించిన పిల్లవాడు ఆ గంటన్నర యేమి చేయును?

మొదటి యేట మేమును ఈ పొరపాటే చేసితిమి. ప్రతి శనివారమును పరీక్ష పెట్టి, సోమవారమున మార్కులు గోడకు అంటించి, సమాధానములు నల్లబల్లపై వ్రాసివేయుచుంటిమి. తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఆ పట్టికలో ఎప్పుడును అడుగుననే యుండెడివాడు. ఒక శనివారము ఇచ్చిన లెక్క యిది: వరుసగానున్న నాలుగు సంఖ్యలను గుణించి ఒకటి కలిపినచో ఎల్లప్పుడును వర్గసంఖ్యయే వచ్చునని చూపుము. తక్కినవారు ఒకటి రెండు ఉదాహరణములు వ్రాసి ముందునకు సాగిరి. వాడు మాత్రము మూడు గంటలును దానితోనే గడపెను. 1, 2, 3, 4 తీసికొన్న 25, అనగా 5 వర్గము. 2 మొదలుకొన్న 121, అది 11 వర్గము. పిదప 361, 841. అవి 19, 29 వర్గములు. ఈ 5, 11, 19, 29 ఎచటనుండి వచ్చుచున్నవని వాడు వెదకి, నడిమి రెండు సంఖ్యల లబ్ధములో ఒకటి తగ్గించిన అవియే వచ్చునని పసిగట్టెను. రెండును మూడును ఆఱు, ఒకటి తీసిన అయిదు; మూడును నాలుగును పండ్రెండు, ఒకటి తీసిన పదునొకండు. రుజువు కుదురలేదు. మేము రెండు మార్కులు వేసితిమి.

సోమవారము మేము సుద్దముక్క చేత బట్టగానే వాడు లేచి, "మాష్టారూ, రేపటివఱకు ఆగండి" అని వేడుకొనెను. మేము ఆగలేదు. పాఠము సాగవలెను గదా! చివరి రెండు సంఖ్యల లబ్ధము నడిమి రెంటి లబ్ధముకంటె ఎప్పుడును రెండే తక్కువ. కావున ఆ రెండు లబ్ధములను గుణించి ఒకటి కలిపినచో, వాని నడుమనున్న సంఖ్య యొక్క వర్గము వచ్చును. రెండు నిమిషములలో ముగిసెను. ఆ నడుమనున్న సంఖ్యయే వాడు శనివారమున కనుగొన్నది. ఇంకొక్క యడుగు మిగిలియుండెను, దానిని మేము వేసితిమి. తరగతి యంతయు వ్రాసికొనెను. వాడు పుస్తకము మూసెను. ఆ తరువాత శనివారములకు రాలేదు.

హంగరీ దేశపు గ్యోర్ పట్టణమున అరాన్ దానియేల్ అను బడిపంతులు 1894లో ఉన్నత పాఠశాలల పిల్లలకై గణిత మాసపత్రిక నొకదానిని స్థాపించెను. పిల్లలు అందలి లెక్కలను ఇంటియొద్ద సాధించి తపాలులో పంపుదురు. మంచి సాధనములను పత్రికలో అచ్చు వేయుదురు. ఆ దేశమున పోటీపరీక్షయు ఆ యేటనే మొదలైనది. పరీక్షకు గంటలు, పత్రికకు వారములు - రెండును ప్రక్కప్రక్కన నడచినవి. మనము పరీక్షను మాత్రమే పట్టుకొని, రెండవదానిని విడిచితిమి.

అట్లని పిల్లవానిని వాని మానాన వదలుమనుట లేదు. పది ఉదాహరణములు కుదిరిన చాలును, రుజువైనదని నమ్మువారు ప్రతి తరగతిలోను నుందురు. అట్టివారికి ఆయిలరు చూపిన n²+n+41 ఇచ్చుట మా వాడుక. 0 మొదలు 39 వఱకు ఏది వేసినను ప్రధానసంఖ్యయే వచ్చును. 40 వేసిన 1681, అనగా నలువదియొకటి నలువదియొకట్లు! ఉపాధ్యాయుడు సమాధానము చెప్పనక్కఱలేదు, ఇట్టి ప్రశ్న మఱియొకటి అడిగిన చాలును.

ఈ యేడు పరీక్ష నెలకొక్కటియే. గోడపై మార్కుల పట్టిక తీసివేసి, వారమునకు రెండు లెక్కలు అంటించుచున్నాము; రెండు వారములవఱకు సమాధానము చెప్పము. మార్కులు తెలియకున్న పిల్లవాని స్థితి యెట్లు తెలియునని కొందఱు తండ్రులు కోపించిరి. వారి కోపము న్యాయమే. రాత్రి భోజనమువేళ, "నేడు ఏ లెక్క రాలేదు?" అని పిల్లవానినే అడుగుడని వారికి చెప్పుచున్నాము.

ఆ బాలుడు ఇపుడు పదవ తరగతి. శనివారములకు ఇంకను రాలేదు. గోడమీది కాగితము నొద్ద వాడు నిలిచి చదువుచుండగా రెండు మారులు చూచితిమి. పలుకరింపలేదు.